రెడీమేడ్ జీపీఎస్ ప్రాజెక్టు కొంటున్నారా? కోడ్ తెరిపించి చూశాకే డబ్బులివ్వండి

ఫైనలియర్ వాళ్లకు ముందే చెప్తున్నా. మా బ్యాచ్ నలుగురం కలిసి అమీర్‌పేటలో ఒక ప్రాజెక్టుల షాపులో 6,500 పోసి వెహికల్ ట్రాకింగ్ కిట్ తీసుకున్నాం. మన కోడ్ నడిపే చిన్న బోర్డు ఆర్డ్యునో ఊనో, లొకేషన్ పట్టే నియో 6ఎం జీపీఎస్, మెసేజ్ పంపడానికి సిమ్ వేసే జీఎస్ఎం మాడ్యూల్. షాపులో మిస్డ్ కాల్ ఇస్తే మెసేజ్ వచ్చింది, లింక్ నొక్కితే మ్యాప్‌లో అమీర్‌పేట. ఇంకేం కావాలి, తెచ్చుకున్నాం.

వరంగల్ వచ్చి ఆన్ చేసినా అమీర్‌పేటే. కాలేజీ గ్రౌండ్‌లో అమీర్‌పేట, హన్మకొండ బస్టాండ్‌లో అమీర్‌పేట!

షాపువాడికి ఫోన్ చేస్తే "యాంటెన్నా పోయుంటది, 350 పెట్టి కొత్తది తీసుకోండి" అన్నాడు. తీసుకున్నాం కూడా, మా తెలివి అట్లుంది. మాడ్యూల్ మీద లైటు సెకనుకోసారి మిణుకుతూనే ఉంది, అంటే ఉపగ్రహాలు దొరికినట్టే కదా అని అప్పుడు తట్టలేదు.

చివరికి కోడ్ తెరిచా. లొకేషన్ చదవడం కుదరకపోతే 17.43, 78.44తో మొదలయ్యే అక్షాంశ, రేఖాంశాల నంబర్లు పంపేయమని రాసిపెట్టుంది. షాపున్న ఏరియా నంబర్లు!

ఎందుకు కుదరట్లేదో కూడా అక్కడే కనబడింది. జీపీఎస్, జీఎస్ఎం రెండూ సాఫ్ట్‌వేర్ సీరియల్ (మామూలు పిన్నులనే కోడ్‌తో డేటా పోర్టుగా వాడే పద్ధతి) మీదే పెట్టాడు. అది ఒకసారికి ఒక పోర్టునే వింటుంది, రెండోదానికి మారితే అప్పటిదాకా వచ్చింది పారేస్తుంది. పైగా మళ్లీ మళ్లీ నడిచే లూప్‌లో డిలే 1000, అంటే ప్రతిసారీ ఒక సెకను ఆగిపోవడం. వచ్చిన అక్షరాలు చదివేదాకా దాచుకునే సీరియల్ బఫర్ ఊనోలో 64 బైట్లే, అంటే 64 అక్షరాలే. జీపీఎస్ డేటా పంపే వేగం 9600 బాడ్ అంటే సెకనుకు 960 అక్షరాలు, 67 మిల్లీసెకన్లలో బఫర్ నిండిపోతుంది. మిగతా సెకనంతా నిద్రే, ఆలోపు వచ్చినవన్నీ నేలపాలు. లొకేషన్ ఉండే, మనకు కావాల్సిన జీపీఆర్ఎంసీ అనే లైను ఒక్కటే దాదాపు 70 అక్షరాలుంటుంది, ఇక పూర్తిగా ఎట్లా దొరుకుతుంది?

"బఫర్ 256 చేసుకోండి" అని ఇంకో సలహా ఇచ్చాడు. చేస్తే ఒకసారి వచ్చింది, నాలుగుసార్లు రాలేదు. తొట్టి పెద్దదైనా, తోడేవాడు పడుకుంటే పొర్లిపోవాల్సిందే.

మేం చేసింది ఇదీ: జీపీఎస్‌ని 0, 1 పిన్నుల మీదున్న అసలు (హార్డ్‌వేర్) సీరియల్‌కి మార్చాం (కోడ్ ఎక్కించేటప్పుడు ఆ వైర్లు పీకాలి), సాఫ్ట్‌వేర్ సీరియల్ జీఎస్ఎంకే వదిలేశాం. డిలే తీసేసి, ఆగకుండానే టైం చూసుకునే మిల్లిస్ వాడాం, వచ్చిన అక్షరం వచ్చినట్టే చదివేస్తున్నాం. లైను చివర నక్షత్రం గుర్తు తర్వాతుండే చెక్‌సమ్ (లైను పాడవకుండా వచ్చిందో లేదో చెప్పే అంకె) సరిపోతేనే తీసుకుంటున్నాం. రాకపోతే "లొకేషన్ దొరకలేదు" అని మెసేజ్ వెళ్తుంది, అమీర్‌పేట కాదు.

డబ్బులు వాపసు అడిగితే "కోడ్ ఇచ్చాం కదా" అన్నాడు. అందుకే కొనేముందు షాపులో డెమో చూసి మురిసిపోకండి. కిట్ పట్టుకుని మెట్రోలో ఒక్క స్టేషన్, పంజాగుట్ట దాకా పోయి మిస్డ్ కాల్ ఇవ్వండి. పోనివ్వకపోతే అక్కడే వదిలేసి వచ్చేయండి.

అన్నట్టు, పాత యాంటెన్నా బ్రహ్మాండంగా పనిచేస్తోంది. కొత్తది ఎవరికైనా కావాలంటే చెప్పండి, 200కి ఇచ్చేస్తా.