ఈఈజీ సిగ్నళ్ళ పనికి ఎమ్‌ఎన్‌ఈ-పైథాన్ ఎలా ఉందంటే

ప్రాజెక్టు కోసం ఈఈజీ (తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి కొలిచే మెదడు విద్యుత్ సిగ్నల్) డేటా చేతికొచ్చాక దాన్ని దేనిలో తెరవాలి, ఏ ఫిల్టరు వేయాలి అని తలపట్టుకునే బీటెక్, ఎంటెక్ పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్ళ కోసం ఇది రాస్తున్నా. ఇలాంటి మెదడు సిగ్నళ్ళని విశ్లేషించే పైథాన్ ప్యాకేజీ ఎమ్‌ఎన్‌ఈ-పైథాన్ వాడండి. పూర్తిగా ఉచితం, సోర్స్ కోడ్ అంతా కళ్ళెదుటే ఉంటుంది. నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం, మన సిగ్నల్‌ని తను ఏం చేస్తోందో ప్రతి మెట్టులోనూ పైకి చెప్పడం. ఈఈజీ అంటే పదుల మైక్రోవోల్టుల వ్యవహారం, ఒక్కసారి రెప్ప వేస్తే దానికి కొన్ని రెట్లు పెద్ద అల వచ్చి పడుతుంది, పైగా ఫిల్టరు తప్పుగా వేస్తే మెదడులో లేనిది కూడా స్క్రీన్ మీద కనబడుతుంది. అలాంటి చోట మౌనంగా పనిచేసుకుపోయే సాఫ్ట్‌వేర్ అంటే నాకు భయం.

బోస్టన్‌లోని మార్టినోస్ సెంటర్ అనే బ్రెయిన్ ఇమేజింగ్ పరిశోధనా కేంద్రంలో మాట్టి హమలైనెన్ సీ భాషలో రాసిన ప్రోగ్రాం దీనికి మూలం. అలెగ్జాండర్ గ్రామ్‌ఫోర్ట్, ఇంకొందరు కలిసి పైథాన్‌లోకి తెచ్చారు. 2013లో పేపర్ వచ్చింది, 2022లో 1.0 వెర్షన్. ఎంఈజీతో (మెదడు అయస్కాంత సిగ్నళ్ళ కొలత) మొదలై ఇప్పుడు ఈఈజీ, మెదడు లోపల పెట్టే ఎలక్ట్రోడ్లు, ఎఫ్‌నిర్స్ (కాంతితో మెదడు రక్తంలో మార్పులు కొలిచే పద్ధతి) దాకా అన్నీ తీసుకుంటోంది.

పనితనం చూడాలంటే ఫిజియోనెట్ అనే ఉచిత డేటా సైట్‌లో ఉన్న మోటార్ ఇమేజరీ (చేతులు, కాళ్ళు కదిపినట్టు ఊహించుకోవడం) డేటా తెచ్చుకోండి. 109 మంది నుంచి 64 ఎలక్ట్రోడ్లతో, సెకనుకు 160 శాంపిళ్ళ చొప్పున రికార్డు చేసింది. మొదటి రన్‌లో (అంటే ఒక విడత రికార్డింగు) ఒక నిమిషం కళ్ళు తెరిచి కూర్చుంటారు, రెండో రన్‌లో ఒక నిమిషం మూసుకుని. రెండిటికీ పవర్ స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత బలం ఉందో చూపే గ్రాఫ్) గీసి పక్కపక్కన పెట్టండి. కళ్ళు మూసుకున్నప్పుడు తల వెనకవైపు ఓ1, ఓ2 ఛానళ్ళలో 10 హెర్ట్జ్ చుట్టుపక్కల గ్రాఫ్ నిటారుగా లేస్తుంది, కళ్ళు తెరిచినదాంట్లో అది అణిగిపోతుంది. జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1929లో లోకానికి చెప్పిన ఆల్ఫా లయ ఇదే. అందరిలోనూ ఒకే బలంతో రాదు కాబట్టి ఒకరిలో సరిగ్గా కనబడకపోతే కంగారు పడకుండా ఇంకో ఇద్దరు ముగ్గురి ఫైళ్ళు చూడండి.

అదే గ్రాఫ్‌లో ఇంకోటి కూడా గమనించాలి. కరెంటు రొద తీసేయడానికి మనవాళ్ళు అలవాటుగా నాచ్ ఫిల్టరులో (ఒక్క ఫ్రీక్వెన్సీని మాత్రం తీసేసేది) మన కరెంటు ఫ్రీక్వెన్సీ 50 కొట్టేస్తారు. ఈ డేటా న్యూయార్క్ రాష్ట్రంలో తీసింది, అక్కడి కరెంటు 60 హెర్ట్జ్. మీరు 50 తీసేస్తే రొద అక్కడే ఉంటుంది, మధ్యలో బాగున్న సిగ్నల్‌కి చిల్లు పడుతుంది. ఏ దేశంలో రికార్డు చేశారో చూడకుండా ఏ ఫిల్టరూ వేయకండి.

ఇక ఫిల్టర్ల దగ్గర ఈ ప్యాకేజీ నిజంగా బాగుంటుంది. ఇదే డేటాకి 1 హెర్ట్జ్ హైపాస్ (అంతకంటే నెమ్మదైన అలల్ని తీసేసే ఫిల్టరు) వేస్తే ఫిల్టరు పొడవు 529 శాంపిళ్ళు, అంటే 3.3 సెకన్లు అని లాగ్‌లో రాసి చూపిస్తుంది. అదే 0.1 హెర్ట్జ్‌కి దింపితే పొడవు 33 సెకన్లకి పోతుంది! ముందే డేటాని ఒక్కో సెకను ముక్కలుగా కోసేసి, ఆ తర్వాత ఈ ఫిల్టరు వేయబోతే సిగ్నల్ కంటే ఫిల్టరే పొడుగు ఉంది, వక్రీకరణ రావచ్చు అని హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికలు చదవకుండా దాటేసేవాళ్ళని చూస్తే బాధేస్తుంది. ఫిల్టరు ముందు, కోత తర్వాత, అంతే. ఇంకా డిఫాల్ట్ ఫిల్టరు జీరో ఫేజ్, అంటే ముందుకీ వెనక్కీ సమానంగా పాకుతుంది కాబట్టి శబ్దాలు వినిపించే ప్రయోగాల్లో శబ్దం రాకముందే మెదడు స్పందించినట్టు కనబడే ప్రమాదం ఉంది. ఎన్ని మిల్లీసెకన్లకి స్పందన మొదలైంది అని రాసేవాళ్ళు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి.

రెప్పల అలలు తీసేయడానికి ఐసీఏ (కలిసిపోయిన సిగ్నళ్ళని విడివిడి భాగాలుగా విడదీసే పద్ధతి) ఉంది. ఈ డేటాలో కంటికి విడిగా ఛానల్ లేదు కానీ నుదుటి మీది ఎఫ్‌పీజెడ్‌ని కంటి ఛానల్‌గా చూపిస్తే రెప్పకి సంబంధించిన భాగాన్ని అదే వెతికి పెడుతుంది. ఐసీఏకి ముందు 1 హెర్ట్జ్ హైపాస్ తప్పనిసరి అనుకోండి.

యూనిట్ల సంగతి మాత్రం కొత్తవాళ్ళని బాగా ఏడిపిస్తుంది. లోపల అంతా వోల్టుల్లోనే లెక్క. చవక హెడ్‌సెట్ల సీఎస్‌వీ ఫైళ్ళలో అంకెలు చాలావరకు మైక్రోవోల్టుల్లో ఉంటాయి, అవి అలాగే ఎక్కిస్తే 100 మైక్రోవోల్టుల రెప్ప కాస్తా 100 వోల్టులైపోతుంది, పాడైన ముక్కల్ని పారేయడానికి 150 మైక్రోవోల్టుల హద్దు పెడితే ఒక్క ముక్క కూడా మిగలదు. పది లక్షలతో భాగించి ఎక్కించండి.

లోపాలు లేవని కాదు. పెద్ద రికార్డింగులు మొత్తం మెమరీలోకి లాగితే 8 జీబీ ల్యాప్‌టాప్ ఆయాసపడుతుంది. ఒక్కో మనిషి ఎంఆర్‌ఐ మీద సొంతంగా సోర్స్ లోకలైజేషన్ (సిగ్నల్ మెదడులో ఎక్కడ పుట్టిందో అంచనా వేయడం) చేయాలంటే ఎంఆర్‌ఐ నుంచి మెదడు ఆకారం తీసే ఫ్రీసర్ఫర్ కావాలి, అది విండోస్‌లో నేరుగా నడవదు, లినక్స్ గానీ మ్యాక్ గానీ ఉండాల్సిందే. ఎంఆర్‌ఐ లేకపోతే సగటు మెదడు నమూనాతో నడిపించొచ్చు కానీ, తల పైన కొలిచిన వోల్టేజీకి లోపల లెక్కలేనన్ని జవాబులు సరిపోతాయి, అందులో ఒకదాన్నే రంగులు పూసి చూపిస్తుందని మర్చిపోవద్దు. 20 ఎలక్ట్రోడ్లతో తీసిన డేటా మీద అంత అందమైన బొమ్మ వేసి సిగ్నల్ మెదడు లోతుల్లోని హిప్పోకాంపస్‌ది అని రాసేయడం అన్యాయం.

కోడ్ అంటేనే టెన్షన్ పడేవాళ్ళకి శాన్ డియాగోవాళ్ళ ఈఈజీల్యాబ్ నయం. అన్నీ మెనూల్లో ఉంటాయి, మ్యాట్‌ల్యాబ్ లేకపోయినా నడిచే రూపం కూడా దొరుకుతుంది. పైథాన్ కొంచెం వచ్చినవాళ్ళు మాత్రం ఎమ్‌ఎన్‌ఈ ఇచ్చే ఒకటిన్నర జీబీ దాటిన శాంపిల్ డేటా జోలికి మొదట్లోనే పోకండి, నేను చెప్పిన రెండు రన్‌ల ఫైళ్ళు ఒక్కోటి 1.2 ఎంబీయే, ఈ సాయంత్రమే దించుకుని చూడొచ్చు. ఆ ఫైళ్ళలో ఛానల్ పేర్ల చివర చుక్కలుంటాయి, ఎలక్ట్రోడ్ల స్థానాలు పెట్టే ముందు స్టాండర్డైజ్ అనే ఫంక్షన్ నడపండి, లేకపోతే పేర్లు కలవక ఎర్రర్ వస్తుంది.