టైప్ 95 జపాన్ కత్తి కొంటున్నారా? నంబర్లు కలిశాయని డబ్బు కట్టేయకండి

రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ సైనిక కత్తులు సేకరించే మనవాళ్లు, ముఖ్యంగా అమెరికాలో ఉంటూ ఆన్‌లైన్ వేలంలో కొనేవాళ్లు, ఇది చదివాకే డబ్బు కట్టండి. 'టైప్ 95, నంబర్లు మ్యాచింగ్' అని నాకు అమ్మిన కత్తికి ఒర మీది నంబరు దిద్దేశారు. పాత అంకె మీదే మళ్లీ పంచ్ కొట్టారు.

ఆఫీసర్లు కత్తి సొంత డబ్బుతో కొనుక్కునేవారు. 1935లో వచ్చిన టైప్ 95 అలా కాదు. ఆఫీసర్ల కింద సార్జెంట్ల లాంటివాళ్లకి తుపాకీ ఇచ్చినట్టే సైన్యం ఇచ్చిన కత్తి ఇది. ఫ్యాక్టరీలోనే అలుగు (పదునుండే లోహపు భాగం) మీద, ఒర మీద ఒకే సీరియల్ నంబరు కొట్టేవారు. అలుగు మీద పిడికి దగ్గరగా, ఒర మీద సాధారణంగా నోటి దగ్గరి పట్టీ మీద కనిపిస్తుంది. 1945లో జపాన్ లొంగిపోయాక కత్తులన్నీ గుట్టలుగా పోశారు. ఏ కత్తికి ఏ ఒర దొరికితే అదే తొడిగారు. అందుకే నంబర్లు కలవని అసలు కత్తులు బోలెడున్నాయి. అలాంటిది కొనడంలో తప్పేమీ లేదు, ధర తగ్గుతుందంతే. ఆ తగ్గే డబ్బు కోసమే ఈ దిద్దుబాట్లు.

నాకొచ్చిన కత్తిలో ఒర మీది చివరి అంకె 8. ఫొటోల్లో చక్కగా 8లాగే ఉంది. చేతికొచ్చాక భూతద్దం పెట్టి, టార్చి పక్క నుంచి వేసి చూస్తే అసలు సంగతి బయటపడింది. అంకెలో కుడి సగం గాడి నిండా నల్లటి పాత మట్టి, తుప్పు. ఎడమ సగం గాడి అడుగున లోహం కొత్తగా మెరుస్తోంది. అంటే అది 3. దాన్ని 8 చేశారు. పట్టీ మీద అక్కడొక్కచోటే రంగు లేచిపోతే పైన కొత్త రంగు పూశారు. అమ్మినతన్ని అడిగితే 'శుభ్రం చేసినప్పుడు మెరిసి ఉంటుంది, వాపసు లేదు' అన్నాడు. శుభ్రం చేస్తే అంకెలన్నీ మెరవాలి కదా, సగం అంకె ఎలా మెరుస్తుంది? వేలం సైటు వాళ్లకి ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు.

మీరు కొనే ముందు కత్తిని కొంచెం బయటికి లాగి, రెండు నంబర్లూ ఒకే ఫొటోలో పడేలా తీసి పంపమనండి. విడివిడి ఫొటోలు ఒప్పుకోకండి, రెండోది వేరే కత్తిది అయ్యుండొచ్చు. వెలుతురు ఎదురుగా కాదు, పక్క నుంచి పడాలి. అంకెల గాడుల్లో మురికి అన్నిట్లో ఒకేలా ఉందా, వరస, ఎత్తు సమానంగా ఉన్నాయా చూడండి. వాపసు షరతు రాతలో తీసుకోండి. పూర్తి నకిలీలు కూడా తిరుగుతున్నాయి, వాటిలో రెండు నంబర్లూ ముచ్చటగా కలుస్తాయి! అసలు పిడి మొదట్లో రాగిది. తర్వాత పోతపోసిన అల్యూమినియం మీద తాడు చుట్టినట్టు రంగులు వేసేవారు. యుద్ధం చివర్లో చెక్క పిడులు వచ్చాయి. బరువైన ఇత్తడి పిడి కనిపిస్తే పక్కన పెట్టేయండి.

ఆఫీసర్ల టైప్ 94, టైప్ 98 కత్తులకి 'మ్యాచింగ్' అంటే అర్థం వేరు. వాటికి సీరియల్ నంబర్లు ఉండవు. చేతికి అడ్డుగా ఉండే త్సుబా, దానికి అటూఇటూ పేర్చిన సెప్పా రేకులు కలగాపులగం కాకుండా బిగించేవాళ్లు చిన్న నంబర్లు కొట్టుకునేవారు. చాలా కత్తుల్లో అవి కనిపిస్తాయి, అవి ఒకదానితో ఒకటి కలవాలి. ఒక సెప్పా మీద వేరే నంబరుంటే, లేదా రేకు పక్కదానికంటే వెడల్పుగా బయటికి వచ్చి ఉంటే, విడిభాగాలు తెచ్చి కూర్చారేమో గట్టిగా అడగండి. పిడిలోని వెదురు మేకు తీసి, పిడి లోపల దాగి ఉండే అలుగు కాడ ఫొటో పంపమనండి. ఆ కాడ తుప్పు మాత్రం ఎవర్నీ తోమనివ్వకండి, కత్తి వయసు చెప్పేది అదే.

'నేరుగా జపాన్ నుంచి తెప్పించిన టైప్ 95' అని కూడా అమ్ముతున్నారు. సంప్రదాయ పద్ధతిలో సాగగొట్టి చేసిన కత్తులకే అక్కడ రిజిస్ట్రేషన్ ఇస్తారు. టైప్ 95 లాంటి యంత్రాల మీద చేసిన కత్తి అక్కడ ఇంట్లో ఉంచుకోవడమే చట్టవిరుద్ధం. జపాన్ నుంచే తెప్పించామని చెప్పి, రిజిస్ట్రేషన్ కాగితాలు కూడా ఉన్నాయని ఎవరైనా అంటే బేరం అక్కడితో ఆపేయండి.