కదలని మగ్గానికి నాలుగొందల టికెట్టు, నేసే ఇంట్లో చాయ్

పోచంపల్లి దారిలో పొలాల మధ్య 'పాతకాలపు పల్లె' పేరుతో నడుస్తున్న ఒక రిసార్టుకు మేం కట్టింది అక్షరాలా 8,500 రూపాయలు. టికెట్లు పెద్దవాళ్ళకు నాలుగు వందల చొప్పున ముగ్గురికి 1,200, పాపకు 250. రూము టాక్సుతో కలిపి 4,200. అత్తమ్మకు అదనపు పరుపు 700. రాత్రి భోజనం మనిషికి 450. పాప కుమ్మరి సారె మీద చెయ్యి పెట్టినందుకు 150, మా ఆయన మెడలో కెమెరా ఉన్నందుకు 200. ఈ డబ్బుకు మేం అక్కడ చూసింది చాలావరకు బొమ్మల కొలువు. అసలు పల్లె, అసలు మగ్గాలు, అసలు పనివాళ్ళు అక్కడికి కొద్ది దూరంలోనే గేటు లేకుండా, టికెట్టు లేకుండా ఉన్నారు. ఈ దిక్కు వచ్చేవాళ్ళు మాలాగా డబ్బు పోగొట్టుకోవద్దని ఇంత వివరంగా రాస్తున్నాను.

మేం నల్లగొండలోనే ఉంటాం. పాపకు సెలవులు. అత్తమ్మ పుట్టిల్లు గట్టుప్పల్, నేతకారుల ఇల్లు. పెళ్ళయి వచ్చినంక మగ్గం ముఖం చూడలేదు, ఒకసారి చూపించండని ఎప్పటి నుంచో అడుగుతోంది. రిసార్టు ప్రకటనలో కమ్మరి కొలిమి, కుమ్మరి సారె, ఎద్దు గానుగ, గుంట మగ్గం, పాత కిరాణా కొట్టు, 'మీ తాతల కాలంలో ఒక రోజు' అని రాసి ఉంది. ఫోన్ చేస్తే పనివాళ్ళంతా రోజూ పని చేస్తారు మేడం, మీ ముందే నేస్తారు అన్నారు. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా ప్రయాణం హాయిగా సాగింది.

బాగున్నది ముందు చెప్పాలి. భవంతి ఇల్లు నిజంగా బాగుంది. ఎక్కడో పడగొట్టిన ఇళ్ళ నుంచి టేకు స్తంభాలు, దర్వాజాలు కొనుక్కొచ్చి నిలబెట్టారట. మధ్యలో వాకిలి, చుట్టూ వసారా, గచ్చు నేల చల్లగా ఉంది. కిరాణా కొట్టులో గిద్దె, సోల, తవ్వ, మానిక వరుసగా పెట్టారు. అత్తమ్మ అక్కడ అరగంట కూర్చుని, కొట్టులోని బియ్యంతోనే పాపకు కొలిచి చూపించింది. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. పాప కుప్పగా నిండిన కొలతను అరచేత్తో గీసి మట్టం చేసింది. ఆ కొట్టు చూసుకునే పెద్దాయన ఎంత మర్యాదస్తుడంటే, బియ్యం కింద పడ్డా ఏమీ అనలేదు. మొత్తం రిసార్టులో మనసారా మెచ్చుకోదగ్గ మనిషి ఆయన ఒక్కడే.

తర్వాత మగ్గం దగ్గరికి పోయాం. పంచె, తలపాగా కట్టుకున్న ఒక కుర్రాడు మగ్గంలో పోగులను దగ్గరికి కొట్టే పలక పట్టుకుని కూర్చున్నాడు, ఫోటో దిగేవాళ్ళు వచ్చినప్పుడు దాన్ని ముందుకూ వెనక్కూ ఆడిస్తున్నాడు. అత్తమ్మ వంగి చూసింది. నాడెలో దారం చుట్టిన కండె లేదు. పడుగు పోగులు సగం తెగి వేలాడుతున్నాయి. కాళ్ళు పెట్టే గుంటలో ప్లాస్టిక్ పూలకుండీ ఉంది.

"ఏ ఊరు బిడ్డా నీది? నేసుడు ఎవరు నేర్పిండ్రు?" అని అడిగింది.

"నాకు నేసుడు రాదు అవ్వా. డిగ్రీ చదువుతున్న. సెలవులకు గీడ కూసోమన్నరు, దినానికి ఐదొందలిస్తరు" అన్నాడు నిజాయితీగా.

ఆ పిల్లాడి మీద నాకు కోపం లేదు, కష్టపడి చదువుకుంటున్నాడు. కోపమంతా ఫోన్‌లో మీ ముందే నేస్తారని చెప్పినవాళ్ళ మీద. చుట్టుపక్కల ఇన్ని ఊళ్ళల్లో నేతకారులు పని చాలక, గిట్టుబాటు కాక ఉన్నారు. వాళ్ళల్లో ఒక్కరిని కూలి ఇచ్చి కూర్చోబెడితే ఈ మగ్గం నడుస్తుంది, వాళ్ళకు నెల గడుస్తుంది. ఆ పని చేయకుండా నేతను అలంకారంగా పెట్టి టికెట్టు అమ్మడం నాకు అసలు నచ్చలేదు.

అంతకంటే ఘోరం వాళ్ళ బట్టల దుకాణం. 'అసలైన పోచంపల్లి' అని చీటీ అంటించిన ఒక నీలం చీర 6,800 అన్నారు. అత్తమ్మ కొంగు తిరగేసింది. లోపలి వైపు రంగు వెలిసిపోయినట్టు పాలిపోయి ఉంది. "గిది అచ్చు కొట్టింది, నేసింది గాదు" అంది మెల్లగా. దారానికే రంగు వేసి నేసే చీరకు రెండు వైపులా ఒకటే రంగు ఉంటుంది, పువ్వు అంచులు కత్తిరించినట్టు కాకుండా కాస్త చెదిరినట్టు కనబడతాయి. అమ్మే ఆయన "పెద్దావిడకు ఏం తెలుసు మేడం, ఇది కొత్త రకం" అన్నాడు. పన్నెండేళ్ళ వయసుకే రాట్నం ముందు కూర్చున్న మనిషిని పట్టుకుని ఆ మాట అన్నాడు. మా ఆయన మామూలుగా ఎవరితోనూ గొడవ పెట్టుకోరు, అక్కడ మాత్రం గొంతు పెంచారు. అత్తమ్మే చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. ఆ సాయంత్రమంతా ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

రాత్రి సంగతి కూడా చెప్పాలి. పరుపు మధ్యాహ్నమే అడిగితే రాత్రి పదిన్నరకు వచ్చింది, అదీ తడివాసనతో. వేడినీళ్ళు ఉదయం ఏడు వరకే అని ఆరున్నరకు చెప్పారు, అప్పటికే రావడం లేదు. భోజనంలో జొన్నరొట్టె అట్టముక్కలా ఉంది, పచ్చిపులుసులో చక్కెర వేశారు. తెలంగాణ భోజనమని 450 తీసుకుని పచ్చిపులుసులో చక్కెర వేయడం క్షమించరాని పని. రెండో రాత్రికి కట్టిన అడ్వాన్సు 2,000 వెనక్కి ఇవ్వమంటే, రూల్సు ప్రకారం కుదరదన్నారు. రాసి ఇవ్వండి అని మా ఆయన నిలబడ్డాక, గంటసేపటికి 1,500 ఇచ్చారు.

మరునాడు పొద్దున్నే పోచంపల్లి ఊళ్ళోకి పోయాం. భూదానోద్యమం మొదలైన ఊరు ఇది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికి వస్తే, భూమి లేని దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు అడిగాయి, వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. వినోబా మందిరం దగ్గర పాపకు ఈ కథ చెబితే, అడిగిన దానికంటే ఎక్కువ ఎందుకిచ్చాడని రోజంతా అడుగుతూనే ఉంది. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసినప్పటి నుంచి ఊరికి పేరు ఇంకా పెరిగింది. బజారంతా చీరల దుకాణాలే. చూడడానికి మంచిదే కానీ దుకాణంలో కూర్చుంటే మగ్గం కనబడదు. వీధుల్లోకి నడవాలి. మేం అడిగిన ఒక దుకాణంలో పట్టు చీర 13,000 చెప్పారు. కొనకుండా పుట్టపాకకు బయల్దేరాం.

పుట్టపాక సంస్థాన్ నారాయణపురం మండలంలో ఉంది. జిల్లాలు మారి ఇప్పుడు యాదాద్రి భువనగిరి అంటున్నా, మాకు ఇదంతా నల్లగొండే. పద్మశ్రీ అందుకున్న నేత కళాకారుడు గజం గోవర్ధన గారి ఊరు, నూనెలో నానబెట్టిన నూలుతో నేసే తేలియా రుమాలుకు పెట్టింది పేరు. కారు దిగగానే అత్తమ్మ ఎవరినీ దారి అడగలేదు. మగ్గం చప్పుడు వినబడుతున్న దిక్కు నడిచి, ఒక ఇంటి గడప ముందు ఆగింది.

"అమ్మా, మాది గట్టుప్పల్. కోడలికి, పిల్లకు మగ్గం జూపిస్తనని తోలుకొచ్చిన" అంది.

"రా పెద్దమ్మా, కూసో" అని లోపలి నుంచి ఒకామె పీట వేసింది.

ఆ ఇంట్లో రెండు గంటలు కూర్చున్నాం. ముందు గదిలో భర్త గుంట మగ్గం మీద, వసారాలో భార్య ఆసు దగ్గర ఉన్నారు. ఆసు అంటే రంగు అద్దే ముందు దారాన్ని వరుసగా పోసుకునే చట్రం, ఒక చివర ఒకే మేకు, రెండో చివర విల్లు ఆకారంలో వరుసగా మేకులు. దారాన్ని ఆ మేకు నుంచి ఈ మేకుకు, ఈ మేకు నుంచి ఆ మేకుకు చేత్తో తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి ఆడాలి, నాలుగైదు గంటల పని. ఆలేరు దిక్కు శారాజీపేటలో పుట్టిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేసింది ఈ కష్టానికే. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం ఉంటే అదే పని గంటన్నరలో అవుతుంది. మీ ఇంట్లో ఎందుకు లేదక్కా అంటే, వీధి చివర వాళ్ళింట్లో యంత్రం ఉందని, పండుగల ముందు పని ఎక్కువున్నప్పుడు అక్కడ పోయించుకుంటామని చెప్పింది. ఆమె చూపుడు వేలు పక్కన దారం రాసుకుని గట్టిపడిన గీత ఒకటి ఉంది. పాప దాన్ని ముట్టుకుని చూసింది.

అత్తమ్మ తనను తిప్పనియ్యమని అడిగింది. మొదట రెండు మేకులు తప్పింది, అక్క నవ్వుతూ సరిచేసింది. తర్వాత చెయ్యి దారికి వచ్చింది. నిన్న సాయంత్రమంతా మూగగా ఉన్న మనిషి గట్టుప్పల్ కబుర్లు మొదలుపెట్టింది, ఎవరి ఇంట్లో ఎన్ని మగ్గాలుండేవో, ఎవరు సూరత్ పోయారో, ఎవరు భీవండి పోయారో. ఇద్దరికీ దూరపు చుట్టరికం కూడా కలిసింది.

ఆసు పోసిన దారం మీద గీతలు గీసి, సైకిల్ ట్యూబు నుంచి కోసిన సన్నటి రబ్బరు పట్టీలతో చిటికి కడతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. ఎన్ని రంగులో అన్ని సార్లు కట్టడం, విప్పడం, అద్దడం. తేలియాకు నిలువు పోగు పడుగూ, అడ్డపోగు పేకా రెండూ ఇలాగే కట్టాలి. దానికి ముందు నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారు. అందుకే కొత్త తేలియా దుప్పట్టాను ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన వస్తుంది. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. ఒకప్పుడు ఈ రుమాళ్ళు అరబ్బు దేశాలకు తలపాగాలకు పోయేవి. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మగ్గం దగ్గర అన్న ఒక పేక పోగు వేసి, పలక కొట్టే ముందు ఆగి, వేలితో పోగును వెంట్రుకవాసి కుడికి జరిపాడు. పువ్వు రేకు పువ్వు రేకుకు అప్పుడు అతికింది. ప్రతి పోగుకూ ఇంతే. జరపగా మిగిలిన దారం అంచు దగ్గర చిన్న ఉచ్చులా నిలబడుతుంది. అత్తమ్మ నాకు ఆ ఉచ్చులు చూపించి, "అంచు తడిమి చూడాలె, గివి చేతికి తగలాలె" అంది. రిసార్టులో చూసిన 6,800 చీర అంచు ఎంత నున్నగా ఉందో నాకు అప్పుడు గుర్తొచ్చింది.

పడుగు ఒకటి ఎక్కిస్తే ఏడు చీరలు. ఇద్దరూ చేస్తే రెండు నెలల పైనే పడుతుందని చెప్పారు. మా కోసం మూట విప్పి చూపించిన పట్టు చీర 11,500, నూలు తేలియా దుప్పట్టా 3,200. రెండూ తీసుకున్నాం, ఫోన్‌పేలో కట్టాం. నేసే ఇంట్లో దయచేసి బేరం చేయకండి. ఏడు చీరలు, రెండు నెలలు, ఇద్దరు మనుషులు, పట్టు ఖర్చు, రంగుల ఖర్చు లెక్క వేసుకుంటే మీకే నోరు రాదు. వాళ్ళిచ్చిన చాయ్‌కి, మక్క గారెలకు డబ్బులివ్వబోతే అక్కకు కోపమొచ్చింది. పాప కోసం తెచ్చుకున్న బిస్కెట్ ప్యాకెట్లు వాళ్ళ పిల్లల చేతుల్లో పెట్టి వచ్చాం.

భోజనం సంస్థాన్ నారాయణపురంలో ఒక రేకుల షెడ్డు మెస్సులో చేశాం. నలుగురికి 380. వేడి జొన్నరొట్టె, పుంటికూర పప్పు, ఉల్లిగడ్డ, చక్కెర లేని పచ్చిపులుసు. మా ఆయన మూడో రొట్టె అడిగారు, రిసార్టు కోపం అప్పటికి దిగింది.

వెళ్ళేవాళ్ళకు నా మాట ఇది. పోచంపల్లికి హైదరాబాద్ నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి, తెలంగాణ ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్టు డబ్బులు కూడా లేవు. రాత్రి బస పెట్టుకోకండి, పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. వానాకాలం మాత్రం వద్దు. గుంటల్లోకి నీళ్ళు ఊరి మగ్గాలు ఆగిపోతాయి, చిటికి దారం ఆరదు. దీపావళి తర్వాత సంక్రాంతి లోపల వెళ్ళండి. గడప దగ్గర నిలబడి లోపలికి రావచ్చా అని అడిగి, చెప్పులు విప్పి వెళ్ళండి. ఫోటో తీసేముందు కూడా అడగండి. తేలియా కొంటే మొదటి రెండుసార్లు సబ్బు లేకుండా చన్నీళ్ళలో జాడించి, నీడలో ఆరేయమని అక్క చెప్పింది.