రంగం వలసల చరిత్ర: ఊళ్ళో ఉండి రాయడమా, సముద్రం దాటి రాయడమా?

గోదావరి డెల్టా నుంచి బర్మాకు సాగిన కూలీల వలస మీద పరిశోధన చేయదలచినవారికి రెండు దారులున్నాయి. ఊళ్ళోనే ఉండి దస్తావేజులు, జ్ఞాపకాలు సేకరించడం ఒకటి. కాకినాడ రేవు దాటి రంగూన్ (మనవాళ్ళ నోట ‘రంగం’), లండన్ నగరాల్లోని పాత దఫ్తరాల దాకా వెళ్ళడం మరొకటి. ఈ వలసల విషయంలో రెండోదే మేలని నా నమ్మకం, అయితే ఒక షరతు మీద.

మన ప్రాంత చరిత్రలు తరచూ ధవళేశ్వరం ఆనకట్టతో మొదలై, 1852లో అది పూర్తయ్యాక డెల్టా సస్యశ్యామలమైందని చెబుతాయి. అది నిజమే. కాని కాలువలు పారిన నేల నుంచే జనం రంగం ఓడ ఎందుకెక్కారన్న ప్రశ్నకు అందులో సగం జవాబే ఉంది. ఆ 1852లోనే ఆంగ్లేయులు దిగువ బర్మాను ఆక్రమించారు. ఆ తరువాత ఐరావతి డెల్టాలో అడవులు నరికి వరిసాగు పెంచారు. రంగూన్ బియ్యపు మిల్లులకూ రేవుకూ మనుషులు కావలసివచ్చారు. రెండు డెల్టాలనూ పక్కపక్కన పెట్టినప్పుడే, ఒకే సామ్రాజ్యం ఇక్కడ నీటిని, అక్కడికి కూలీని ఎలా మళ్ళించిందో తెలుస్తుంది. 1930 మేలో రంగూన్‌లో తెలుగు కూలీల మీద జరిగిన దాడులూ అంతే. తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే వారి స్థానంలో బర్మీయులను పెట్టి, రాజీ కుదరగానే ఆ బర్మీయులను తీసేశారని తెలియకపోతే, అది కేవలం జాతివైరంగా కనిపిస్తుంది.

అయితే సర్కారు కాగితాల్లో ఓడెక్కినవారు తలల లెక్కగానే మిగులుతారు. కూలీలను కుదిర్చే మేస్త్రీ దగ్గర బయానా తీసుకుని వేలిముద్ర వేసిన ప్రోనోటు, మడతల దగ్గర చిరిగి, ఏ ఇంటి ట్రంకుపెట్టెలోనో ఉంటుంది. మగవాడు వెళ్ళాక ఆడవాళ్ళు ఎవరి చేలో నాట్లు వేసి ఇల్లు గడిపారో, 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు కొండదారుల వెంట నడిచి ఎవరు తిరిగొచ్చారో చెప్పగలిగినవి ఆ ఇళ్ళే.

నా షరతు అక్కడిదే. విదేశీ దఫ్తరాలకు వెళ్ళగలిగినవారికి తరచూ తెలుగు రాదు. తెలుగు వచ్చిన ఇక్కడి విద్యార్థికి ప్రయాణపు ఖర్చు అందదు. ఇద్దరూ కలిసి పనిచేయాలి, కాని ఇక్కడివారిని దారి చూపే మనిషిగానో దుబాసీగానో వాడుకుని, పుస్తకం మీద పేరు మరొకరు వేసుకోవడం న్యాయం కాదు. ప్రశ్నలు తయారు చేసే దశ నుంచే వారు సహరచయితలుగా ఉండాలి. 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉన్న యానాం చరిత్రకైనా ఇదే పద్ధతి నప్పుతుంది. దాని కాగితాలు కొన్ని ఫ్రాన్సులో ఉన్నా, వాటిలోని ఇంటిపేర్లు ఏ వీధివో పోల్చగలిగేది యానాం వారే.