'గలోర్' కోసం వెళ్లి ట్యాంగ్లన్‌లో గంటసేపు ఉండిపోయాను

ఇంగ్లీష్‌లో విశేషణాలు మామూలుగా నామవాచకానికి ముందొస్తాయి కదా, మరి 'గలోర్' మాత్రం 'బుక్స్ గలోర్' (బోలెడు పుస్తకాలు) అంటూ వెనక ఎందుకొస్తుందని నాకు చాలాకాలంగా డౌట్. అది 17వ శతాబ్దంలో ఐరిష్ నుంచి వచ్చిన మాటని తెలిశాక, అక్కడ ఎలా వాడతారో చూద్దామని ట్యాంగ్లన్ డాట్ ఐఈ (teanglann.ie) అనే ఆన్‌లైన్ నిఘంటువుల సైట్ తెరిచాను. ఐరిష్ భాష కోసం పనిచేసే ఫోరస్ న గేల్గె సంస్థ దీన్ని ఉచితంగా నడుపుతోంది. నీల్ ఓ డోనల్ సంపాదకత్వంలో 1977లో వచ్చిన ఐరిష్-ఇంగ్లీష్ నిఘంటువు, 1959 నాటి ఇంగ్లీష్-ఐరిష్ నిఘంటువు రెండూ ఇక్కడే వెతుక్కోవచ్చు.

'ల్యోర్' అంటే సరిపడా. 'ఇస్ ల్యోర్ షిన్' అంటే అది చాలు అని. దాని ముందు 'గ' చేర్చి 'అరగ్యద్ గ ల్యోర్' అంటే మాత్రం బోలెడు డబ్బు! డబ్బు ముందు, 'గ ల్యోర్' వెనక. నా డౌట్ అక్కడే తీరిపోయింది, ఇంగ్లీష్ వాళ్లు మాటతో పాటు దాని చోటు కూడా తెచ్చేసుకున్నారు. 'సరిపడా' కాస్తా 'బోలెడు' ఎలా అయిందంటారా, మన 'చాలు', 'చాలా' చూడండి, రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవే. ఐరిష్ రెండర్థాలనీ అట్టిపెట్టుకుంది, ఇంగ్లీష్ బోలెడు ఒక్కటే పట్టుకుంది. అన్నట్టు, 'మా గ ల్యోర్' అంటే 'ఫర్వాలేదు, బాగానే ఉంది' అని, అదే మనిషి గురించి అంటే కాస్త మందెక్కిందని కూడా.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆడియో. అల్‌స్టర్, కొనాట్, మన్‌స్టర్, మూడు ప్రాంతాల యాసల్లోనూ మనుషుల గొంతులే వినిపిస్తాయి. ఆ 'ల్యో' మన లిపిలో ఎలా రాసినా పూర్తిగా పట్టుబడదు, నాలుక అంగిట్లో పరుచుకుని పలికే 'ల' అది, వినాల్సిందే.

అయితే ఇది వ్యుత్పత్తి నిఘంటువు కాదు, ఏ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఇందులో వెతక్కండి. ఉదాహరణకి కబుర్లు, సరదా అనే అర్థంలో వాడే 'క్రాక్' (craic) ఉంది. దాని ఐరిష్ స్పెల్లింగ్ చూసి అనాదిగా ఐరిష్‌దే అనుకునేవాళ్లు చాలామంది, కానీ అది ఇంగ్లీష్, స్కాట్స్ భాషల్లో కబుర్లకి వాడిన 'క్రాక్' (crack), 20వ శతాబ్దంలో ఐరిష్‌లోకి వెళ్లి, అక్కడి స్పెల్లింగ్ తొడుక్కుని మళ్లీ ఇంగ్లీష్‌లోకి తిరిగొచ్చింది. అంటే గలోర్‌కి సరిగ్గా ఎదురు దారి. మాట పాతదా కొత్తదా తేల్చుకోవాలంటే ఈడిల్ అనే మరో ఆన్‌లైన్ నిఘంటువుని పక్కన తెరిచి పెట్టుకోండి, సుమారు 700 నుంచి 1700 వరకు వాడిన ఐరిష్ అందులో ఉంటుంది, అదీ ఉచితమే. 'ల్యోర్' పాత రూపం 'లోర్' నాకు అక్కడే దొరికింది.