సీ-బ్యాండ్ డిష్‌కి 5జీ ఫిల్టర్: విశాఖ కేబుల్ ఆపరేటర్లకు పనికొస్తుందా?

మన దగ్గర 5జీకి 3300–3670 మెగాహెర్ట్జ్ ఇచ్చారు. పెద్ద డిష్‌లు అందుకునే సీ-బ్యాండ్ శాటిలైట్ చానెళ్లు 3700 నుంచి 4200 వరకు. మధ్యలో ఖాళీ 30 మాత్రమే. పాత ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందుండి సిగ్నల్‌ని పెంచి కేబుల్లోకి పంపే పరికరం) 3400 నుంచే వింటుంది కాబట్టి పక్కనున్న టవర్ దెబ్బకి ఉక్కిరిబిక్కిరవుతుంది. మీటర్‌లో స్ట్రెంత్ నిండుగా, క్వాలిటీ సున్నాకి దగ్గరగా కనిపిస్తే అనుమానం దీనిమీదే. గాజువాక, ఎంవీపీ కాలనీల్లాంటి చోట డాబాల నిండా టవర్లే కదా.

5జీ సిగ్నల్‌ని ఆపే ఈ వేవ్‌గైడ్ ఫిల్టర్ (లోహపు గొట్టంలాంటిది) బాగా పనిచేస్తుంది, డబ్బు దండగ కాదు. ఫీడ్‌హార్న్‌కీ (డిష్ నుంచి సిగ్నల్ అందుకునే మూతి) ఎల్‌ఎన్‌బీకీ మధ్య బిగించాలి; ఎల్‌ఎన్‌బీ తర్వాత కేబుల్లో పెట్టే ఫిల్టర్ వృథా, అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. విప్పేముందు ఎల్‌ఎన్‌బీ తిప్పిన కోణానికి మార్కర్‌తో గీత పెట్టుకోండి. ఫ్లాంజ్‌కి (రెండు భాగాలు కలిసే అంచు) పది స్క్రూలు, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. రబ్బరు గాస్కెట్ గాడిలోంచి జారితే నీళ్లు చేరి సిగ్నల్ పోతుంది. సముద్రపు ఉప్పుగాలికి మామూలు స్క్రూలు నిలవవు, స్టెయిన్‌లెస్‌వే వేయండి.

ప్రధాన లోపం బరువు. ఫీడ్ కిందికి వాలితే ఫోకస్ తప్పుతుంది, ఫీడ్‌ని పట్టుకునే కాళ్లు మళ్లీ సరిచేయాలి. 3700 అంచున ఉన్న చానెల్ కాస్త బలహీనపడొచ్చు. ఇంటిమీద చిన్న డీటీహెచ్ డిష్‌కి ఇది అక్కర్లేదు, అది కేయూ-బ్యాండ్, అంటే ఇంకా పై ఫ్రీక్వెన్సీలు.