వాగు పక్కన బఫర్‌లో మొక్కలు నాటించాం: నర్సరీ వాళ్ల పని ఎలా ఉందంటే

వాగు పక్కన ఉన్న కాలనీల వాళ్లు మొక్కల పని ఎవరికైనా అప్పజెప్పే ముందు ఇది చదవండి. శంకర్‌పల్లి వైపు మా లేఅవుట్ వెనక పెద్ద వాగుంది. దాని ఒడ్డున మొక్కలు నాటే పని దగ్గర్లోని ఒక నర్సరీకి ఇచ్చాం. నాలుగు స్టార్లు.

నాకు అన్నిటికంటే నచ్చింది, గుంత తవ్వకముందే కొలతలు తీయించడం. భవన నిర్మాణ నిబంధనలపై 2012లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 168 ప్రకారం వాగు, నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే హద్దు నుంచి 9 మీటర్లు, అంతలోపైతే 2 మీటర్లు ఖాళీగా వదలాలి. బఫర్ అంటే ఈ జాగానే. అందులో కట్టడాలు కుదరవు, పచ్చదనం పెంచుకోవచ్చు. ఎండాకాలంలో నీళ్లు సన్నగా పారే చోటు నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది. వీళ్లు సర్వేయర్‌ని పిలిపించి, రెవెన్యూ మ్యాపులోని వాగు హద్దు నుంచి కొలిపించి సున్నంతో గీత గీశారు. ఒకరి షెడ్డు గీత లోపలికి వచ్చిందని గొడవైనా కొలత మార్చలేదు.

బఫర్ అంటే పోగొట్టుకున్న జాగా అని బాధపడేవాళ్లు మా కాలనీలోనూ ఉన్నారు. ఆ మాట వింటే నాకు కోపమొస్తుంది. వాగు పొంగితే మన గోడలకు అడ్డు ఆ 9 మీటర్లే కదా!

మొక్కల ఎంపిక తెలిసినవాళ్లు చేసినట్టే ఉంది. నీళ్లు తగిలే అంచున ఏరుమద్ది, పైన కానుగ, నేరేడు, వాలు మీద వట్టివేరు వరసలు, మేకలు తిరిగే వైపు వావిలి. మేకలు వావిలిని ముట్టవు. త్వరగా గుబురుగా పెరుగుతుందని కొందరు కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు అడిగితే నర్సరీ పెద్దాయన ఒప్పుకోలేదు. "నా నర్సరీలోనే పెంచను మేడమ్, ఇక్కడెట్ల పెడతా?" అన్నాడు.

పోయిన వానాకాలం వాగు నిండుగా వచ్చింది. వట్టివేరు ఉన్నచోట మట్టి నిలిచింది. కల్వర్టు దగ్గర ఇంకా మొక్కలు నాటని ఒడ్డు ముక్క విరిగి పడింది.

ఒక స్టార్ తగ్గించింది నేరేడు వల్ల. చిన్న కవర్లలో చాలాకాలం ఉంచిన మొక్కలు తెచ్చారు. వేర్లు చుట్టలు చుట్టుకుపోయి ఉన్నాయి, వేసవికి చాలావరకు ఎండిపోయాయి. మళ్లీ మార్చారు గానీ, ఎన్నో ఫోన్లు చేశాకే. వేసవి నీళ్లకు కూడా ట్యాంకర్ డబ్బులు విడిగా తీసుకున్నారు. నీళ్లు ఎవరు పోయాలి, చచ్చిన మొక్క ఎన్నాళ్లలో మార్చాలి అన్నది ముందే కాగితం మీద రాయించుకోండి.

కల్వర్టు దగ్గరి ముక్క కూడా వాళ్లకే ఇస్తున్నాం. ఈసారి కవర్లు, వేర్లు మేమే చూసుకున్నాకే మొక్కలు దింపనిస్తాం.